ఆటస్థలమునందలి తీర్పరి: పిల్లలయెడ రిఫరీ నడవడి

ప్రతి సంవత్సరము ఈ సంచికయందు చదువును గూర్చియో, మాతృభాషను గూర్చియో, పరీక్షలను గూర్చియో తల్లిదండ్రులకు నాలుగు మాటలు విన్నవించుట మాకు వాడుక. ఈ యేట ఆటను గూర్చి వ్రాయదలచితిమి. అందులోను ఆడు పిల్లలను గూర్చి గాక, ఆడించు రిఫరీని గూర్చి వ్రాయుచున్నాము. ఇందుకు కారణము కలదు.

పాఠశాలలో మన పిల్లలకు ఉపాధ్యాయులు తెలుగున బోధింతురు. ఇంట మీరు తెలుగున బుద్ధి చెప్పుదురు. కాని తమిళనాట స్థిరపడిన మన పిల్లవాడు పోటీయాటకై ఫుట్‌బాల్ మైదానమున కాలు మోపిన క్షణము మొదలుకొని గంటసేపు వానికి తప్పొప్పులు చెప్పువాడు మనకెవ్వరికిని పరిచయము లేని క్రొత్త మనిషి. అతని చేతిలో ఒక ఈల, జేబులో రెండు కార్డులు. ఆ గంటసేపు అతడే గురువు, అతడే న్యాయాధిపతి. అట్టివాడు పిల్లలయెడ ఎట్లు నడచుకొనవలెను? మనము అతనియెడ ఎట్లు నడచుకొనవలెను? ఈ రెండు ప్రశ్నలను విచారించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

1. రిఫరీ యెవరు?

1863 లో లండను నగరమున ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడి ఆటకు నియమములు వ్రాసినప్పుడు అందు రిఫరీ ప్రసక్తియే లేదు. ఆనాడు అది ముఖ్యముగా పాఠశాలలలో చదువుకొన్నవారు ఆడుకొను ఆట. తగవు వచ్చినచో ఇరుజట్ల నాయకులే సామరస్యముగా తీర్చుకొందురని పెద్దలు తలచిరి. తలచినట్లు జరుగలేదు. పిమ్మట ఒక్కొక్క జట్టు తన తరపున ఒక్కొక్క అంపైరును నిలుపుకొనెను. ఆ ఇద్దరికిని పొసగనప్పుడు తగవును నివేదించుకొనుటకు మూడవ మనిషి యొకడు కావలసివచ్చెను. ఇంగ్లీషున అట్లు నివేదించుటను 'రిఫర్' చేయుట యందురు. అందుండియే రిఫరీ అను పేరు కలిగినది. 1891 లో ఈ మూడవ మనిషికి సంపూర్ణాధికార మిచ్చి మైదానములోనికి తెచ్చిరి. అంపైర్లు ప్రక్కగీతల కడకు పోయి లైన్స్‌మెన్ అయిరి.

ఈ చరిత్రను చెప్పుటకు కారణ మేమన, రిఫరీ పుట్టుక దండించుటకు గాక తగవు తీర్చుటకని తెలియుటకే. మన పల్లెలలో రచ్చబండమీద కూర్చుండి తీర్పు చెప్పు పెద్దమనిషి యెట్టివాడో రిఫరీయు అట్టివాడే. ఆ పెద్దమనిషి తీర్పుమాత్రమే చెప్పి లేచిపోడు. ఈ తీర్పు ఎందుకు చెప్పుచున్నానో కూడ చెప్పును. ఓడినవాడు సైతము తలయూచి యింటికి పోవుటకు ఆ 'ఎందుకు' అను మాటయే ఆధారము.

2. నియమములు పిల్లలకు ఇచ్చిన సడలింపు

ఫుట్‌బాల్ నియమములను కాపాడు అంతర్జాతీయ బోర్డు 1886 లో ఏర్పడినది. నియమములు మొత్తము 17. అందు అయిదవది రిఫరీని గూర్చినది. ఆటలో జరిగిన విషయములను గూర్చి రిఫరీ చెప్పిన తీర్పే తుది తీర్పని అది శాసించుచున్నది. తాను పొరబడితినని తోచినచో, ఆట తిరిగి మొదలుకాక మునుపే రిఫరీ తన తీర్పును మార్చుకొనవచ్చును. ఆట మొదలైన పిమ్మట సాధారణముగా మార్చుటకు వీలులేదు.

ఇవి పెద్దలకును పిల్లలకును సమానమే. కాని పిల్లల ఆటలలో కొన్ని మార్పులు చేసికొనుటకు ఆ నియమములే అనుమతించుచున్నవి. మైదానమును చిన్నది చేయవచ్చును. పెద్దల ఆట రెండు భాగములుగా 45 నిమిషముల చొప్పున జరుగగా, పిల్లలకు ఆ కాలమును తగ్గింపవచ్చును. పెద్దల ఆటలో ఒకమారు వెలుపలికి వచ్చినవాడు తిరిగి ఆడరాదు గాని, పిల్లల ఆటలో వెలుపలికి వచ్చినవానిని మరల లోనికి పంపవచ్చును. పెద్దల బంతి చుట్టుకొలత 68 మొదలు 70 సెంటీమీటర్లు, బరువు 410 మొదలు 450 గ్రాములు. దానిని అయిదవ నంబరు బంతి యందురు. పండ్రెండేండ్ల లోపు పిల్లలకు సాధారణముగా అంతకంటె చిన్నదైన నాలుగవ నంబరు బంతి నిత్తురు.

తల్లిదండ్రులు ఇచ్చట ఒక విషయము గమనింపవలెను. పిల్లవాని కాలికి తగినట్లు బంతిని చిన్నది చేయుటకు నియమము కలదు. వాని ఊపిరికి తగినట్లు కాలమును తగ్గించుటకు నియమము కలదు. కాని వాని చెవికి తగినట్లు గొంతు తగ్గింపుమని, వాని వయసుకు తగినట్లు మాట మెత్తన చేయుమని లెక్క కట్టి చూపు నియమము లేదు. అది సెంటీమీటర్లలోను గ్రాములలోను కొలువరానిది. దానిని రిఫరీ తనంతట తానే గ్రహింపవలెను. మంచి రిఫరీకిని, నియమములు కంఠస్థము చేసిన రిఫరీకిని ఉన్న భేదము ఇదియే.

3. కార్డులను కనిపెట్టిన ప్రధానోపాధ్యాయుడు

పసుపు కార్డును, ఎఱ్ఱ కార్డును మన పిల్లలందఱును ఎఱుగుదురు. వానిని కనిపెట్టినవాడు ఒక ప్రధానోపాధ్యాయుడని ఎఱిగినవారు తక్కువ. ఆయన పేరు కెన్ ఆస్టన్. 1915 లో ఇంగ్లండున జన్మించెను. ఇల్ఫర్డు అను పట్టణమునందలి న్యూబరీ పార్కు ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుడై, 1953 లో అచ్చటనే ప్రధానోపాధ్యాయుడయ్యెను. సాయంకాలములందును సెలవుదినములందును రిఫరీగా పనిచేసి ప్రపంచఖ్యాతి గడించెను. 2001 లో మరణించెను.

1962 ప్రపంచకప్పు పోటీలలో చిలీ, ఇటలీ దేశముల నడుమ సాంటియాగో నగరమున జరిగిన ఆటకు ఆస్టన్ రిఫరీగా నుండెను. ఆ ఆట ఆటగా జరుగలేదు, కొట్లాటగా జరిగినది. ఆస్టన్ వెలుపలికి పొమ్మన్న ఇటలీ ఆటగాడు ఫెర్రీని మైదానము వీడలేదు. తుదకు పోలీసులు వచ్చి అతనిని తీసికొనిపోవలసివచ్చెను.

నాలుగేండ్లకు, 1966 లో, ప్రపంచకప్పు ఇంగ్లండున జరిగినది. అప్పుడు ఆస్టన్ రిఫరీలందఱకును పెద్దగా నుండెను. ఇంగ్లండు, అర్జెంటీనాల ఆటకు రిఫరీ జర్మనీ దేశస్థుడగు రుడాల్ఫ్ క్రైట్లైన్. అర్జెంటీనా నాయకుడు రట్టీన్ ఎఱిగిన భాష స్పానిషు. ఒకరి భాష ఒకరికి రాదు. రిఫరీ వెలుపలికి పొమ్మనెను. నాయకుడు కదలక, దుబాసీ కావలెనని పట్టుపట్టెను. ఆట చాలసేపు నిలిచిపోయెను. అంతకంటె వింత యేమన, అదే ఆటలో ఇంగ్లండు ఆటగాండ్రగు చార్ల్‌టన్ సోదరులను రిఫరీ హెచ్చరించినట్లు ఆ సోదరులకే తెలియలేదు. మఱునాడు వార్తాపత్రికలవలన ఆ సంగతి బయటపడినది.

ఆస్టన్ కారులో పోవుచు దారిలో కూడలిదీపముల కడ ఆగెను. పసుపు దీపమనగా జాగ్రత్త, ఎఱ్ఱ దీపమనగా ఆగుము. దీనికి ఏ భాషయు అక్కఱలేదు గదా యని ఆయనకు తోచెను. అట్లు పుట్టినవే ఈ రెండు కార్డులు. 1970 లో మెక్సికో దేశమున జరిగిన ప్రపంచకప్పులో వానిని మొదటిసారిగా అమలుజరిపిరి. ఆ పోటీలలో ఎఱ్ఱ కార్డు ఒక్కమారైనను చూపబడలేదు.

భాష తెలియని చోట పుట్టిన తగవును తీర్చుటకు ఒక బడిపంతులు కనిపెట్టిన ఉపాయము ఇది. పరభాషా ప్రాంతమున మెలగు మనకు ఈ కథ తక్కినవారికంటె బాగుగా అర్థము కావలెను. అయితే ఈ ఉపాయమునకు ఒక హద్దు కలదు. కార్డు ఏమి జరిగినదో చెప్పును. ఎందుకు జరిగినదో చెప్పలేదు. ముప్పదియేండ్ల ఆటగానికి 'ఏమి' చాలును. పదమూడేండ్ల బాలునకు 'ఎందుకు' లేనిచో అది తీర్పుగా గాక దెబ్బగా తోచును.

4. మనకు జరిగిన యొక సంగతి

కొన్ని యేండ్ల క్రిందట మన బాలుర జట్టు ఒక అంతర పాఠశాలా పోటీకి పోయెను. మేమును వెంట పోయితిమి. పిల్లలందఱును పదమూడేండ్ల వారు. రెండవ భాగమున మన బాలు డొకడు ఎదుటివానిని అడ్డగింపగా రిఫరీ ఈల వేసి ఫ్రీకిక్కు ఇచ్చెను. ఆ బాలుడు తాను తప్పు చేయలేదని కన్నీరు పెట్టుకొనెను. వాని ప్రక్కన ఆడు మఱొక బాలుడు వాని భుజముమీద చేయివేసి, "పోనీరా, పోనీ" అనెను.

పది అడుగుల దూరమున నున్న రిఫరీకి ఆ మాట వినబడెను. అతనికి తెలుగు రాదు. తమిళమున 'పోడా' అనుట ఎంత అమర్యాదయో మీరందఱు ఎఱుగుదురు. తన్నుద్దేశించి ఆ మాట అన్నాడని రిఫరీ తలచెను. దూషణకు శిక్ష ఎఱ్ఱ కార్డు. అతడు కార్డు తీసి బాలుని ముఖము కెదురుగా పట్టి, వెలుపలికి పొమ్మని బిగ్గరగా అరచెను.

బాలుడు ఏమియు అనలేదు. తలవంచి నిలుచుండెను. మన యిండ్లలో పెద్దలు కోపించినప్పుడు పిల్లలు తలవంచుట వినయము. రిఫరీ దానిని తప్పొప్పుకొనుటగా గ్రహించెను. బాలునికి తమిళము రాదా యని మీరు అడుగవచ్చును. వచ్చును. కాని అంగడిలో బేరమాడు తమిళము వేఱు, కోపముతో వడివడిగా మీదపడు తమిళము వేఱు. వానికి ఆ క్షణమున ఏ భాషయు రాలేదు.

తరువాత జరిగినది చెప్పుటకు మాకు సిగ్గుగా నున్నది. అయినను చెప్పవలెను. బాలుని తండ్రి గీత దాటి లోనికి పరుగెత్తెను. ఆయన వెంట మఱి ముగ్గురు నలుగురు పోయిరి. మేము వారిని ఆపవలసినవారము. ఆపుటకు మాఱుగా మేమును లేచి గొంతెత్తితిమి. ఆట నిలిపివేసెదనని రిఫరీ హెచ్చరించెను. కొంతసేపటికి అందఱు వెనుకకు వచ్చిరి. పదిమందితో ఆడి మన జట్టు రెండు గోల్సు తేడాతో ఓడిపోయెను.

ఆట ముగిసిన పిదప ఆ బాలుడు మైదానము అంచున వేపచెట్టు క్రింద కూర్చుండి బూట్లు విప్పుచుండెను. మేము దగ్గఱకు పోగా, "సార్, నేను తిట్టలేదు. వాణ్ణి ఊరుకొమ్మన్నాను, అంతే" అనెను. అప్పటివఱకు ఎవ్వరమును వానిని ఆ ప్రశ్న అడుగలేదు. రిఫరీ అడుగలేదు, తండ్రి అడుగలేదు, మేమును అడుగలేదు. అందఱమును వాని పక్షముననో వానికి ప్రతికూలముగనో కేకలు వేసితిమి గాని, ఏమన్నావు నాయనా అని అడిగినవాడు లేడు.

మేమును మా వ్యాయామోపాధ్యాయులును రిఫరీ కడకు పోయితిమి. మొదట గీత దాటినందుకు క్షమాపణ చెప్పుకొంటిమి. పిదప 'పోనీ' అనగా తమిళమున 'పోగట్టుమ్' అని యర్థమని వివరించితిమి. అతడు ఇరువది రెండేండ్లు దాటని యువకుడు. కొంతసేపు మాటాడలేదు. తరువాత తానే చెట్టు కడకు నడచి వచ్చి, బాలుని యెదుట గొంతుకూర్చుండి, తాను తప్పుగా వింటినని, పొరపాటు తనదేనని తమిళమున మెల్లగా చెప్పెను. ఆ మాటను మఱియొకమారు చెప్పుమని అడిగి, తానును "పోనీరా" అని పలికి చూచెను. అతని ఉచ్చారణ విని బాలునికి నవ్వు వచ్చెను.

రిఫరీ పోటీ నిర్వాహకులకు ఇచ్చిన నివేదికలో తాను పొరబడిన సంగతిని వ్రాసెను. అందువలన బాలునికి తరువాతి ఆటలో నిషేధము కలుగలేదు. ఓడిన ఆట ఓడినట్లే యుండెను. అది మారదు, మారరాదు కూడ. కాని ఆ బాలుడు ఆ దినమున నేర్చుకొన్నది ఓటమినిగాదు. అధికారము గలవాడు తన తప్పును ఒప్పుకొనవచ్చునని, ఒప్పుకొన్నంత మాత్రమున అతని గౌరవము తగ్గదని నేర్చుకొనెను. ఆ పాఠమును మేము తరగతిలో ఎన్ని దినములు చెప్పినను అంత బాగుగా చెప్పజాలము.

5. పిల్లల ఆటలో మంచి రిఫరీ లక్షణములు

ఈ అనుభవమును నియమములతో జోడించి చూచినచో, పిల్లలయెడ రిఫరీ నడువవలసిన తీరు ఇట్లు తేలుచున్నది.

మొదటిది, తీర్పునకు కారణము చెప్పుట. ఉపన్యాసము అక్కఱలేదు. "వెనుకనుండి త్రోసితివి" అను రెండు మాటలు చాలును. చేతితో చూపినను చాలును. ఆ రెండు మాటలు విన్న బాలుడు మఱల త్రోయుటకు ముందు ఆలోచించును. వినని బాలుడు రిఫరీకి తనమీద పగ యున్నదని తలచును.

రెండవది, శిక్షించుటకు ముందు అడుగుట. తాను కన్నులార చూచిన తప్పును గూర్చి రిఫరీ ఎవరిని అడుగనక్కఱలేదు. కాని చెవిన బడిన మాటను గూర్చి, అందును తనకు రాని భాషలోని మాటను గూర్చి, ఒక్కమారు అడుగుట బలహీనత కాదు. ఆట తిరిగి మొదలగుటకు ముందు తీర్పు మార్చుకొను వీలును నియమములు ఇచ్చినది ఇట్టి సమయములకే.

మూడవది, పదిమందిలో పిల్లవానిని చిన్నబుచ్చకుండుట. దీనికి ఒక ఉదాహరణము చెప్పెదము. చెవిపోగులు, ఉంగరములు, గాజులు, గొలుసులు మొదలగు ఆభరణములతో ఆడరాదని నాలుగవ నియమము చెప్పుచున్నది. వానిపై అంటుపట్టీ అతికించి కప్పుటయు చెల్లదు. ఇది తనకును ఎదుటివారికిని గాయము కాకుండుటకై పెట్టిన మంచి నియమము. కాని మన బాలికలకు చెవులు కుట్టించి నెల తిరుగలేదనుకొనుడు, లేదా నాయనమ్మ కట్టిన తాయెత్తు మెడలో నున్నదనుకొనుడు. అందఱి యెదుట వ్రేలు చూపి "తీసివేయుము" అని గద్దించు రిఫరీ నియమమును పాటించినవాడే. జట్టు ఉపాధ్యాయుని ప్రక్కకు పిలిచి చెప్పు రిఫరీయు నియమమును పాటించినవాడే. ఒకరి తీరున బిడ్డ ఏడ్చుచు ఆడును. మఱొకరి తీరున నవ్వుచు ఆడును.

నాలుగవది, గాయమును తేలికగా చూడకుండుట. స్వల్ప గాయమైనచో బంతి వెలుపలికి పోవువఱకు ఆట సాగనిచ్చి, తీవ్రమైనచో వెంటనే ఆపవలెనని నియమము. పెద్దవాడు తనకు తగిలిన దెబ్బ యెట్టిదో చెప్పుకొనగలడు. చిన్నవాడు ధైర్యము చూపవలెనని నొప్పి దాచుకొనును, లేదా బెదరి చిన్న దెబ్బకే ఏడ్చును. కావున పిల్లల ఆటలో సందేహము కలిగినప్పుడు ఆట నాపుటయే మేలు. తలకు దెబ్బ తగిలినచో సందేహమునకే తావుండరాదు.

అయిదవది, కార్డును తుది సాధనముగా నుంచుకొనుట. పిల్లల పోటీలలో కార్డు పొందినవానిని కొన్ని నిమిషములు మాత్రము ప్రక్కన కూర్చుండబెట్టి తిరిగి ఆడనిచ్చు పద్ధతిని నియమములు అంగీకరించుచున్నవి. ఇంగ్లండునందు సామాన్యస్థాయి పోటీలలో రిఫరీ తీర్పును ధిక్కరించినవానికి 2019 నుండి ఇట్లు పది నిమిషముల శిక్ష విధించుచున్నారు. తరగతిలో అల్లరి చేసిన బాలుని కొంతసేపు వెలుపల నిలుచుండబెట్టి మరల లోనికి పిలుచుట వంటిదే ఇది. కోపము చల్లారుటకు వ్యవధి యిచ్చి, తప్పు దిద్దుకొనుటకు అవకాశము నిచ్చును.

6. తల్లిదండ్రులు చేయవలసినది

రిఫరీ బాధ్యతలు ఇన్ని చెప్పితిమి. మన బాధ్యతలు చెప్పకున్నచో వ్యాసము ఒంటికన్ను చూపు అగును.

పిల్లల ఆటలకు వచ్చు రిఫరీలు చాలమట్టునకు చదువుకొను యువకులో, ఉద్యోగము చేసికొనుచు ఆటమీది ప్రేమతో వచ్చువారో అయియుందురు. రిఫరీ విద్యను వారును మన పిల్లల ఆటలలోనే నేర్చుకొనుచుందురు. మన పిల్లవాడు గోలు తప్పినచో "ఫర్వాలేదు, మళ్లీ కొట్టు" అందుము. ఆ యువకుడు ఒక తీర్పు తప్పినచో ఎందుకు దుర్భాషలాడవలెను? ఇంగ్లండు ఫుట్‌బాల్ అసోసియేషన్ 2008 లో గౌరవోద్యమ మొకటి ఆరంభించి, పిల్లల ఆటలలో తల్లిదండ్రులు నిలువవలసిన చోటును గీతతో వేఱుపఱచినది. గీత గీయవలసివచ్చినదనగా కేకలు వేయు తండ్రులు అచ్చటను కలరనియే గదా!

మన పాఠశాల జట్టు విషయమున ఆనాటి సంగతి పిదప కొన్ని కట్టుబాట్లు చేసికొంటిమి. వానిని మీకు తెలుపుచున్నాము.

ఆట నడచుచుండగా తల్లిదండ్రులు గీత దాటరాదు. ఎంతటి అన్యాయము జరిగినట్లు తోచినను ఆట ముగియువఱకు ఓపికపట్టి, పిదప ఉపాధ్యాయుల ద్వారమున విన్నవింపవలెను. ఈ కట్టుబాటు ప్రధానోపాధ్యాయునకును వర్తించును.

రిఫరీతో మాటాడవలసివచ్చినచో జట్టు నాయకుడు మాత్రమే మాటాడవలెను. అంతర్జాతీయ బోర్డు సైతము నాయకుడు మాత్రమే రిఫరీని సమీపించు పద్ధతిని 2024 లో పోటీల నిర్వాహకులకు సూచించినది.

ఆట మొదలగుటకు ముందు మన నాయకుడు రిఫరీకి నమస్కరించి, మా పిల్లలు తమలో తాము తెలుగున మాటాడుకొందురని తమిళమున చెప్పవలెను. "సార్, ఎన్న తప్పు?" అని మర్యాదగా అడుగుటను పిల్లలందఱును అభ్యసింపవలెను.

ఆభరణములు, తాయెత్తులు ఇంటికడనే తీసి రావలెను. కాలికి ఎముకకాపు పట్టీలు మఱువరాదు. అవియు నియమమే.

రిఫరీ చేతి గుర్తులను పిల్లలతోబాటు మీరును తెలిసికొనవలెను. రిఫరీ చేయి అడ్డముగా చాచినచో ఆ దిక్కుగా నేరు ఫ్రీకిక్కు. చేయి తలపై కెత్తి యుంచినచో ఇండైరెక్టు ఫ్రీకిక్కు. అనగా బంతి మఱొక ఆటగానిని తాకక నేరుగా పోయిన గోలు చెల్లదు. చేతులు ముందుకు చాచినచో, తప్పు చూచితిని గాని నష్టపడిన జట్టునకే లాభముగా నున్నది గనుక ఆట సాగనిచ్చుచున్నానని యర్థము. ఇవి తెలియనివారికి రిఫరీ నిద్రించుచున్నట్లు తోచును. తెలిసినవారికి అతడు మాటలాడుచున్నట్లు కనబడును. ఈ భాషకు తెలుగు తమిళము అను భేదము లేదు.

ఆనాడు కొందఱు తండ్రులు మాతో, "మైదానంలో తెలుగు మాట్లాడవద్దని పిల్లలకు చెప్పండి, గొడవే ఉండదు" అనిరి. వారి బాధ మాకు తెలియును. అయినను మేము సమ్మతింపలేదు. ఏడ్చుచున్న స్నేహితుని ఓదార్చుటకు పిల్లవాని నోట తల్లిభాష రాక మఱేది వచ్చును? ఆ మాటలో తప్పు లేదు. దానిని దాచుకొమ్మని చెప్పినచో, తప్పు తనదేనని, తన భాషదేనని పిల్లవాడు నమ్మును. ఆ నమ్మకము ఎఱ్ఱ కార్డుకంటె చెడ్డది. కార్డు శిక్ష ఒక ఆటతో ముగియును. ఈ శిక్ష జన్మాంతము వెంబడించును. కావున మన భాషను మానరాదు. ఎదుటివాని భాషను బాగుగా నేర్వవలెను. అతనికి మన మాట వినిపించినప్పుడు దాని అర్థమును ఓపికతో చెప్పవలెను. మైదానముననే గాదు, ఈ రాష్ట్రమున మన బ్రదుకంతయు ఇట్లే నడువవలసియున్నది.

ఆ బాలుడు ఇప్పుడు పెద్ద తరగతికి వచ్చినాడు. సాయంకాలములందు మన పాఠశాల మైదానమున అయిదవ తరగతి పిల్లల ఆటకు వాడే ఈల పట్టుచున్నాడు. ఒకనాడు మేము వరండానుండి చూచుచుంటిమి. ఈల వేసి ఆట నాపెను. తప్పు చేసిన చిన్నవాని కడకు పోయి, మోకాళ్లమీద వంగి, ఏదో చెప్పెను. ఆ చిన్నవాడు తలయూచి బంతిని ఎదుటివారికి ఇచ్చివేసెను. ఏమి చెప్పెనో మాకు వినబడలేదు. చెప్పెనను సంగతి మాత్రము కనబడెను. మన పిల్లల ఆటలకు వచ్చు ప్రతి రిఫరీనుండి మేము కోరునది అంతమాత్రమే. ఆ రిఫరీకి అట్లు చెప్పు వ్యవధిని కేకలు వేయక ఇచ్చుట మీ వంతని, మా వంతని మనవి చేయుచున్నాము.